కమలాపురసీమ నాణెములు: విభక్తి విచారము

పూర్వచరిత్రమును గూర్చువారికి శాసనములు, కైఫియతులు, నాణెములు నను మూఁడు సాధనములు ముఖ్యములు. శాసనము పాఁతినచోటనే నిలుచును. కైఫియతు చేతినుండి చేతికిఁ బోవునపుడు లేఖకదోషములఁ బొందును. నాణెమన్ననో చేతులు మాఱుటకే పుట్టినది. ఒకచోట నిలిచెనా దానికిఁ బనియే లేదు. కావుననే దాని సాక్ష్యము మిక్కిలి విలువగలది, మిక్కిలి సులభముగా నశించునదియు. కడప మండలమునందలి కమలాపుర ప్రాంతము నాశ్రయించి, నాణెములపై నున్న పేళ్లను, ఆ పేళ్ల చివరనున్న ప్రత్యయములను, వానిని సంగ్రహించువారు గమనింపవలసిన విషయములను విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

పాపఘ్నీతీరమందలి కమలాపురము పెద్ద పట్టణము కాదు. కాని పూర్వపుఁ గమలాపురము తాలూకా తెలుఁగు భాషాచరిత్రమునఁ బెద్దది. రేనాటి చోళుఁడైన ఎఱికల్ ముత్తురాజు ధనంజయుని కలమళ్ళ శాసనము, ఎఱ్ఱగుడిపాటి శాసనము, పుణ్యకుమారుని మాలెపాటి తామ్రశాసనము మూఁడును ఆ తాలూకాలోనివే. మొదటి రెండును క్రీ. శ. 575 ప్రాంతమువని విద్వాంసులు నిర్ణయించిరి. తెలుఁగు వాక్యము రాతిపై మొట్టమొదటఁ గనఁబడిన సీమ యిదియే. దీనికిఁ జేరువనే కాయస్థుల రాజధానియగు వల్లూరు, నదీసంగమక్షేత్రమగు పుష్పగిరి గలవు. జమ్మలమడుగు చెంత పెమ్మసానివారి గండికోట గలదు. ఇన్ని రాజ్యములు నడచిన దారిలో నెన్ని నాణెములు రాలియుండునో యూహింపవచ్చును. ఇచ్చటి రైతు దుక్కిదున్నునపుడు నాఁగటికఱ్ఱున కడ్డుపడిన కాసు ప్రొద్దుటూరి బంగారపుటంగడికిఁ బోయినచోఁ గడియము గాఁ గరఁగును. కాసులపేరులోఁ జేరినచోఁ గొన్ని తరములు బ్రదుకును. సంగ్రాహకుని చేతఁబడినచోఁ బ్రదర్శనమున కెక్కును. ఈ మూఁడు గతులలో మూఁడవదియే యుత్తమమని తోఁచును. అది యెంతవఱకు నిజమో తుదినిఁ జూతము.

రూప్యశబ్దము

నాణెమునుగూర్చి వైయాకరణులు చెప్పినంత స్పష్టముగా నర్థశాస్త్రజ్ఞులును జెప్పలేదు. రూపశబ్దముమీఁద ‘ఆహత’ మను నర్థమున యప్ ప్రత్యయమును విధించి పాణిని రూప్యశబ్దమును సాధించెను. ఆహతమనఁగా కొట్టఁబడినది. కాశికాకారులు దీనిని వివరించుచు, సుత్తివంటి సాధనముచేఁ గొట్టుటవలన దీనారాదులయందుఁ బుట్టెడు రూపమే యాహతమని చెప్పిరి. ఇట్లు లోహముకంటె రూపమే నాణెమునకుఁ బ్రధానమని వ్యాకరణము తెలుపుచున్నది. ముద్దవెండి వెండియే, రూపము కొట్టినపుడే యది రూప్యము. నేఁటి రూపాయికి మూలమీ శబ్దమే. దీనారశబ్దము రోమకుల దినారియసునుండి మనభాషలఁ జేరినదని పండితులెల్ల నంగీకరించిరి. ప్రౌఢదేవరాయల యాస్థానమున శ్రీనాథునికి జరిగిన కనకాభిషేకమునందు దీనారటంకములు కురిసెనని తెలుఁగువారందఱు నెఱుఁగుదురు. ఇటలీదేశపు మాట పదిశతాబ్దులకు మించి నడచి తెలుఁగు కవిశిరమునకుఁ జేరినదన్నమాట.

నాణెమును బరీక్షించుటయుఁ గ్రొత్తది కాదు. కౌటిల్యుఁడు టంకశాలను నడపు లక్షణాధ్యక్షుని, నాణెములఁ జూచి నిర్ణయించు రూపదర్శకుని వేర్వేఱుగాఁ జెప్పెను. మంచి నాణెమును జెడ్డదనియుఁ, జెడ్డదానిని మంచిదనియుఁ జెప్పు నాణకపరీక్షకునికి యాజ్ఞవల్క్యుఁ డుత్తమసాహస దండమును విధించెను. మన నాణెశబ్దమునకు మూలమీ నాణకమే. వస్తువు మేలిమిని ‘నాణ్యము’ అని తెలుఁగువారు వ్యవహరించుట చూచిన, పరీక్షకు నిలిచినదే నాణెమను భావము జాతి నాలుకపై నెంత గట్టిగా నాటుకొన్నదో తెలియును.

షష్ఠీవిభక్తి

శాతవాహనుల నాణెములపై నుండు ప్రాకృతపంక్తులలో రాజు పేరు షష్ఠీవిభక్త్యంతము. గోతమిపుతస, సాతకణిస యని యుండును. ‘గౌతమీపుత్రుని యొక్క’ అని యర్థము. ఎవ్వనియొక్క యేమి? విశేష్యము చెప్పఁబడలేదు. చేతనున్న లోహఖండమే విశేష్యము. ఇంత పొదుపైన వాక్యము మఱియొకటి లేదు: సగము వర్ణములతోను, సగము వస్తువుతోను వాక్యము పూర్తియగుచున్నది.

ఈ షష్ఠికెంత బలము గలదో 1906లో నాసికమండలమునఁ జోగల్‌తెంబియందు బయల్పడిన నిధి చూపినది. అందు 13,000లకుఁ బైఁగా వెండి నాణెములు దొరకెను. అన్నియు క్షహరాతుఁడగు నహపానుని టంకములు. వానిలోఁ దొమ్మిదివేలకు మించినవానిపై గౌతమీపుత్ర శాతకర్ణి తన చిహ్నములను, తన పేరును మరల ముద్రింపించెను. వెండి యదే, బరువదే, స్వామి మాఱెను. పెక్కింటఁ గ్రొత్తముద్ర క్రింద నహపానుని ముఖమును, అక్షరములును సగము సగముగాఁ గనఁబడుచునే యున్నవి. ఆదేశము వచ్చినను స్థాని పూర్తిగాఁ బోలేదు. ఇట్టి నాణెమును శుభ్రముచేయు నెపమున గట్టిగా రుద్దినవాఁ డొక యుద్ధఫలమునే చెఱిపివేసినవాఁడగును.

శాతవాహనుల వెండి నాణెములయందు మఱియొక విశేషము గలదు. వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశాతకర్ణి మొదలగువారి ప్రతిమాంకిత టంకములపై నొకవైపు ప్రాకృతము, రెండవవైపు ద్రావిడభాష గలవు. ప్రాకృతమున ‘స’ యున్నచోట రెండవవైపు ‘కు’ యున్నది: గోతమి పుతకు, హాతకణికు. ఈ రెండవభాష తెలుఁగని కొందఱు, తమిళమని కొందఱు, ద్రావిడసామాన్యమని కొందఱు వాదించిరి. ఇచ్చట వైయాకరణుఁడు గమనింపవలసిన దొకటి గలదు. పాశ్చాత్యరీతి భాషాశాస్త్రజ్ఞులు ‘కు’ను సంప్రదానార్థకమనుచున్నారు, తమిళవ్యాకరణమును దానిని నాలవ వేఱ్ఱుమగాఁ బఠించును. మన చిన్నయసూరి మాత్రము 1858 నాఁటి బాలవ్యాకరణమునఁ గి, కు, యొక్క, లో, లోపల యనువానిని షష్ఠిగాఁ బఠించెను. చతుర్థికిఁ గొఱకు, కై యనునవి వేఱుగాఁ జెప్పఁబడినవి. ‘రాజునకు నలుగురు కొడుకులు’ అన్నప్పుడు ‘కు’ స్వామిత్వమును దెలుపుచున్నదేకాని దానమును గాదుగదా. కాఁబట్టి ప్రాకృతషష్ఠికి ‘కు’ వర్ణమును సరిచేసిన నాఁటి టంకశాలాధికారి మన వ్యాకరణసంప్రదాయమునకుఁ బదునాఱువందల యేండ్లకు మున్నే యొక యుదాహరణమును ముద్రించి యిచ్చినట్లయినది. ఇంతమాత్రమున నా భాష తెలుఁగేయని సాధింపరాదు. ‘కు’ పెక్కు ద్రావిడభాషలకు సమానము. కాని స్వామిత్వార్థమున ‘కు’ ప్రయోగ మెంత ప్రాచీనమో సాధించుట కీ నాణెములు చాలును.

షష్ఠి యంతటితో నాఁగలేదు. వేంగీచాళుక్యులలో మొదటి శక్తివర్మ, రాజరాజనరేంద్రుఁడు కొట్టించిన పలుచని బంగారు నాణెముల నడుమ వరాహలాంఛనము, అంచునఁ దెలుఁగు కన్నడములకు సమానమైన లిపి గలవు. ఒక్కొక్క యక్షరమును వేఱు ముద్రికతోఁ గొట్టిరి. శక్తివర్మ బిరుదమగు చాళుక్యచంద్రశబ్దము వానిపై సంస్కృతషష్ఠితోడ నున్నది. ఈ నాణెములు అరకానుతీరమునందలి చెదూబాద్వీపమునను, సయాముదేశమునను దొరకెను. వానిని సంగ్రహించినవారు దొరకినచోటు వ్రాసియుంచిరి. కావుననే తూర్పుసముద్రము దాఁటిన తెలుఁగునాటి వర్తకమునకు లోహసాక్ష్యము నిలిచినది. ఆ చోటు వ్రాయకున్నచో నవి రాజమహేంద్రవరపు పెట్టెలో నుండినను బర్మాదేశపు మట్టిలో నుండినను భేదము తెలిసెడిది కాదు.

ప్రాతిపదికము, చతుర్థి

విజయనగరరాజుల కాలమునకుఁ బ్రత్యయమే పోయినది. శ్రీప్రతాప హరిహర, శ్రీప్రతాప కృష్ణరాయ యని ప్రాతిపదికమాత్రము మిగిలెను. షష్ఠిలేకున్నను స్వామి యెవ్వఁడో సందేహము లేదు. రాజ్యము విస్తరించినకొలఁది విభక్తి యనావశ్యక మయ్యెనేమో. హరిహరబుక్కల నాణెములపై హనుమంతుఁడు, గరుడుఁడు. రెండవ హరిహరుని వానిపై నుమామహేశ్వరులు, లక్ష్మీనారాయణులు. కృష్ణరాయల వానిపై బాలకృష్ణుఁడు. అచ్యుతరాయల వానిపై నేనుఁగులఁ బట్టిన గండభేరుండము గలవు. నిండువరహా యించుమించు 52 గ్రెయినుల తూకము, అనఁగా 3.4 గ్రాములు. గండికోట సీమవారు పన్నులు చెల్లించినదియు, దేవాలయములకు సమర్పించినదియు నీ వరహాలతోడనే.

ఆరవీటి వేంకటపతిదేవరాయలు (1586–1614) పెనుగొండ, చంద్రగిరులనుండి పాలించునాఁటికి నాణెముపై రాజు పేరు మఱుఁగుపడినది. మకరతోరణము క్రింద వేంకటేశ్వరుఁడు నిలిచియుండఁగా, వెనుకవైపు ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’ అని యున్నది. నమశ్శబ్దయోగమునఁ జతుర్థి. షష్ఠి స్వామిత్వమును దెలుపఁగా, చతుర్థి నమస్కారమును దెలుపుచున్నది. ‘ఇది రాజుది’ యనుటకు మాఱుగా ‘దేవునికి మ్రొక్కు’ అని నాణెము పలికెను. తల్లికోట యుద్ధము (1565) తరువాత రాజధానులు మాఱి, సామంతులు స్వతంత్రించుచుండఁగా, ఏ సీమయందును వట్టములేక చెల్లఁదగిన పేరు తిరుమలేశునిదే యయ్యెనని యూహించుట తప్పుగాదు. ఈ విశ్వాసమునే చెన్నపట్టణపు తూర్పుయిండియా కంపెనీవారును వాడుకొనిరి. మున్నీటిమీఁదనుండి వచ్చిన వర్తకులు తమ వరహాలపై దేవుని ప్రతిమను విడువలేదు. మూఁడుస్వాముల వరహా, నక్షత్రవరహా యిట్టివే.

కడపసీమ 1779లో మయానా నవాబులనుండి హైదరాలీ వశమాయెను. అతని వరహాలపై నొకవైపుఁ బార్వతీపరమేశ్వరులు, వెనుక నతని పేరి మొదటి పారసీకాక్షర మొక్కటియే గలవు. పేరులో నొక భాగమును జెప్పినఁ బేరంతయుఁ జెప్పినట్లేయను శాస్త్రన్యాయమున కింతకంటె మంచి యుదాహరణము దొరకదు. టిప్పుసుల్తాను గుత్తికి ఫైజ్‌హిసారని పేరిడి యచ్చట టంకశాల నుంచెను. అతఁ డేర్పఱచిన మౌలూదీశకమున నంకెలు కుడినుండి యెడమకు వ్రాయఁబడినవి. ఈ మర్మ మెఱుఁగని సంగ్రాహకుఁ డాఱువేల యేండ్ల నాణెము దొరకెనని పొంగిపోవును. 1792లో నిజామునకు, 1800లోఁ గంపెనీకి నీ సీమ సంక్రమించెను. దత్తమండలముల కప్పుడు మన్రో ముఖ్యాధికారి. ఒక్కొక్క సంతలో నొక్కొక్క వరహా చెల్లుబడియగు దినములవి. షరాబు చెప్పినదే ధర, అతఁడు తీసినదే వట్టము. చెన్నపురి లెక్కలోఁ బణమునకు 80 కాసులు, వరహాకు 42 పణములు. 1818లో వరహాల లెక్క తొలఁగించి, నూఱు వరహాలకు మున్నూటయేఁబది రూపాయలుగా మార్చిరి. 1835 శాసనముచే 180 గ్రెయినుల రూపాయి దేశమంతటికి నొక్కటే యయ్యెను.

తెలుఁగక్షరములు మాత్ర మంతటితోఁ బోలేదు. కంపెనీవారి చెన్నపురి వెండి పణములపైఁ దెలుఁగు, తమిళము గలవు. అయిదవ జార్జి చక్రవర్తి నాఁటి నికెలు అణాలపై విలువ తెలుఁగునను వ్రాయఁబడినది. 1957 ఏప్రిల్ 1వ తేదిని దశాంశనాణెములు వచ్చునప్పటికి నాణెముపై హిందీయు నింగ్లీషును మాత్రమే మిగిలెను. తెలుఁగు కాగితపు నోట్ల భాషాపట్టికయందు నిలిచినది.

సంగ్రాహకులు

తెలుఁగునాట నాణెసంగ్రహమునకు దారిచూపినవారిలోఁ గర్నలు మెకంజీ మొదట లెక్కింపఁదగినవాఁడు. అతనికిఁ గన్నులును, నోరును కావలి సోదరులగు బొఱ్ఱయ్య లక్ష్మయ్యలవంటి తెలుఁగువారు. 1821లో నతఁడు చనిపోవునాఁటికి సంగ్రహమున 6,218 నాణెములున్నట్లు విల్సను పండితుని 1828 నాఁటి పట్టిక తెలుపుచున్నది. తరువాత వాల్టరు ఇలియటు దాదాపు చూపు పోయిన వార్ధకమున దక్షిణదేశపు నాణెములపై గ్రంథము వెలువరించెను. బిడీ 1883లో వరహాలనుగూర్చియు, హుల్ట్జ్ 1891లో విజయనగరరాజుల నాణెములనుగూర్చియు వ్రాసిరి. భారతీయ నాణెశాస్త్రపరిషత్తు 1910లో నలహాబాదున నెలకొనెను.

ఇపుడు హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్టణములందు నాణెప్రదర్శనలు జరుగుచున్నవి. కమలాపురమునుండి యట్టి ప్రదర్శనకుఁ బోయిన సంగ్రాహకునికి మొదటఁ గన్నులు చెదరును. బారుబల్లలపై నద్దపుఁ గాగితపు సంచులలో వేలకొలఁది నాణెములు. ప్రక్కన భూతద్దములు, త్రాసులు. మాటలాడుకొనువారిలోఁ దెలుఁగువారు, కన్నడులు, తమిళులు, మారువాడీలు నుందురు. ఊరిలోఁ దన పిచ్చిని జూచి నవ్వినవారే కాని, యొక్క కాసు తిరగవైచి గంటసేపు మాటలాడువారు దొరకుట యిచ్చటనే. అతని జ్ఞానమునకుఁ బదును పెట్టున దీ గోష్ఠియే.

బల్లపై నున్నదెల్ల మేలిది కాదు. పాణిని చెప్పిన యాహతత్వమే యిచ్చటఁ బరీక్షకుఁ దొలిమెట్టు. కొట్టిన నాణెమున నక్షరపుటంచులు పదునుగా లేచియుండును, లోహ మొత్తిడికిఁ బ్రక్కలకుఁ బ్రాఁకిన జాడ తెలియును. అచ్చుతీసి పోఁతపోసిన నకలున సూదిబెజ్జములవంటి గుంటలు, అంచుచుట్టును గీఁటు, మొద్దుబాఱిన యక్షరములు నగపడును. ప్రాచీనులును గొన్నింటిని బోఁతపోసిరి గాన నీ యొక్క లక్షణముతో నిర్ణయింపరాదు. తూకము, ధ్వని, లిపి, ప్రత్యయము నన్నియు సరిచూడవలెను. షష్ఠి యుండవలసినచోటఁ బ్రథమ యున్న నాణెమును జూచి వైయాకరణుఁడు త్రాసు లేకయే సందేహింపవచ్చును.

కాని పెద్దలోపము నకలులలో లేదు, అసలులలోనే కలదు. సంచిపై నంటించిన చీటిలో రాజు పేరు, లోహము, బరువు, వెల వ్రాయఁబడియుండును. ఎచ్చట దొరకెనో వ్రాయఁబడదు. అడిగినఁ ‘దెచ్చినవాఁడు చెప్పలేదు’ అని జవాబు. ఇందులకుఁ గారణము మనుష్యుల నిర్లక్ష్యము మాత్రమే కాదు. 1878 నాఁటి నిక్షేపశాసనము ప్రకారము పది రూపాయల కెక్కువ విలువగల నిధి దొరకినవాఁడు కలెక్టరునకుఁ దెలుపవలెను. స్వామి లేఁడని తేలినచో, వేఱొడంబడిక లేనియెడల మూఁడుపాళ్లు దొరకినవానికి, ఒకపాలు భూస్వామికి. దొరతనమువా రా నిధిని దీసికొనఁదలఁచినచో లోహపు విలువయు, దానిలో నైదవవంతును నీయవలెను. నాణెపుఁ బ్రాచీనత కా లెక్కలోఁ జోటులేదు. కచ్చేరి చుట్టుఁ దిరిగి లోహపు ధరకు నైదవవంతు మించి పొందుటకంటె నా రాత్రియే కరఁగించుట మేలని బీదరైతు తలఁచిన నతనిని బూర్తిగా నిందింపలేము. అమ్మినవాఁడు భయముచేతఁ జోటు దాఁచును. కొన్నవాఁడు లాభముచేత దాఁచును. 1972 నాఁటి పురావస్తుశాసనము నూఱేండ్లు దాఁటిన నాణెములఁ బురావస్తువులుగా నెంచి విదేశములకుఁ బోనీక యాఁపినది. అది వస్తువును గాపాడును గాని చోటును జెప్పింపఁజాలదు.

చోటు తెలిసిన నేమగునో కరీంనగర ప్రాంతపుఁ గోటిలింగాల చూపినది. గోదావరిలోఁ బెద్దవాఁగు కలియు నా గ్రామపు దిబ్బలపైఁ దొరకిన చిన్న నాణెములను సంగ్రాహకులు చోటు చెప్పి యందింపఁగా, పరబ్రహ్మశాస్త్రిగారు చదివి గోబద, నారన, కంవాయసిరి, సమగోప యను శాతవాహనపూర్వరాజుల పేళ్లను వెలికిఁ దెచ్చిరి. పురాణములలో వినఁబడుచుండిన వంశకర్తకు సరియగు ఛిముకుని పేరును అచ్చటి నాణెములపైఁ గనఁబడెను. ఆ నాణెములే చీటిలేక యొక నగరపు బల్లపైఁ బడియుండినచో నవి పేరెఱుఁగని రాజుల వన్నెతగ్గిన కాసులు మాత్రమే.

రేనాటిచోళుల శాసనములలో దానము లెక్కువగా మఱుతురుల లెక్కను భూమియే. కలమళ్ళ పొలములో రేపొక నాణెము దొరకి, దానిపై నొక పేరు, ఆ పేరున కొక తెలుఁగు ప్రత్యయము నుండెనేని, తెలుఁగుభాషాచరిత్రమున నది యెంతటి యధ్యాయమగునో! అది ప్రొద్దుటూరి మూసలోఁ బడినను, చోటులేక ప్రదర్శనపు బల్లకెక్కినను భాషకుఁ గలుగు నష్ట మించుమించు సమానమే. మొదట నడిగిన ప్రశ్న కిదియే సమాధానము: మూఁడవగతి యుత్తమమగుట చీటిపై నాధారపడియున్నది.

వస్తు వొకదానినుండి విడివడునపుడు కదలక నిలిచినదానిని వైయాకరణు లపాదానమందురు, దానికిఁ బంచమి. చెట్టునుండి యాకు రాలినఁ జెట్టపాదానము. నాణెము చేతులు మాఱును, ఊళ్లు మాఱును, దేశములు మాఱును. అది వెలువడిన నేల మాత్రము కదలక యచ్చటనే యుండును. రాజులు తమ నాణెములపై షష్ఠిని వ్రాసిరి, దేవభక్తులు చతుర్థిని వ్రాసిరి. పంచమిని వ్రాయవలసినవాఁడు సంగ్రాహకుఁడే. కమలాపురపు సంగ్రాహకుఁడు కొన్నదానితోడ, దొరకినదానితోడ ‘ఈ గ్రామమునుండి, ఈ పొలమునుండి, ఈ సంవత్సరమున’ అని యొక చిన్న చీటి వ్రాసి యుంచెనేని, ఆ వాక్యమునకుఁ గొఱవడిన విభక్తి యతని చేతఁ బూర్తియగును.